తెల్ల పెట్టె ఎవరి దగ్గరుంది?

షిరోబాకో అంటే జపనీస్‌లో తెల్ల పెట్టె. ఒక ఎపిసోడ్ పూర్తయ్యాక, టీవీలో రాకముందే, దాన్ని తయారుచేసినవాళ్ల చేతికొచ్చే కాపీకి అక్కడి స్టూడియోల్లో వాడే పేరు. ఒకప్పుడు ఆ వీడియో టేపుని తెల్లటి పెట్టెలో పెట్టి ఇచ్చేవాళ్లు. టేపులు పోయినా పేరు ఉండిపోయింది. 2014-15లో పి.ఎ. వర్క్స్ స్టూడియో అదే పేరుతో 24 ఎపిసోడ్ల అనిమే తీసింది. దర్శకుడు త్సుతోము మిజుషిమా. అనిమే ఎలా తయారవుతుందన్నదే అందులో కథ.

మొదటిసారి చూసినప్పుడు నాకది స్నేహం కథ. హైస్కూల్లో కలిసి ఓ చిన్న యానిమేషన్ చేసిన ఐదుగురమ్మాయిలు, ఎప్పటికైనా మళ్లీ కలిసి ఒకటి తీద్దామని ఒట్టేసుకుని, ఒక్కొక్కరూ ఒక్కో పనిలో చేరతారు. ఈమధ్య రెండోసారి చూస్తుంటే మాత్రం ధ్యాసంతా డబ్బు మీదే ఉంది. దానికి కారణం మా స్నేహితుల మధ్య తెగని తగువొకటి. డబ్బు కట్టి చూసేవాడు కట్టనివాణ్ణి దొంగంటాడు. కట్టనివాడేమో "నువ్వు కట్టింది బొమ్మలేసేవాళ్లకి చేరుతోందా?" అని ఎదురడుగుతాడు.

ఇక్కడ దొంగెవరో తేల్చడం అంత సులువు కాదు. ఇంటర్నెట్ రాకముందు అమెరికా అభిమానులు జపాన్ టేపులకి సొంతంగా సబ్‌టైటిల్స్ చేసుకుని పంచుకునేవాళ్లు. వాళ్లకో నియమం ఉండేది: అమ్మకూడదు, ఎవరైనా హక్కులు కొంటే పంచడం ఆపేయాలి. (అందరూ పాటించారని కాదు, కానీ నియమమంటూ ఒకటుండేది.) ఈ పనికి ఎవరికీ జీతం లేదు. తెర పైభాగంలో అనువాదకుడి వివరణలు కథకి అడ్డుపడుతుంటే నవ్వుకున్నాం గానీ, జపనీస్‌లో ఎవర్ని ఎవరెలా పిలుస్తారో మాలో చాలామంది నేర్చుకున్నది వాటినుంచే. ఆ అలవాటు మీదే 2006లో క్రంచీరోల్ మొదలైంది. అభిమానులు ఎక్కించిన వీడియోలు, వాటిలో చాలావాటికి హక్కుల్లేవు. 2009లో అవి తీసేసి, లైసెన్సులు కొని, నరుటో షిప్పుడెన్‌లాంటివి జపాన్‌లో వచ్చిన కొద్ది గంటలకే చూపించడం మొదలుపెట్టింది. 2021లో సోనీ దాన్ని 117.5 కోట్ల డాలర్లకి కొన్నది. ఇప్పుడు మనం దొంగసైట్లు వదిలేసి వెళ్లాల్సిన మంచి దుకాణం అదే! ఆ సబ్‌టైటిల్స్ రాసినవాళ్ల సంగతి ఈ లెక్కలో ఎక్కడా ఉండదు.

అభిమానులకి డబ్బు కట్టే ఉద్దేశం లేదనడం కూడా తప్పు. షింకాయ్ తీసిన 'వెదరింగ్ విత్ యూ'ని మన దేశంలో విడుదల చేయమని వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. 2019 అక్టోబర్లో అది ఇక్కడి థియేటర్లకొచ్చింది. టికెట్ కొనుక్కుంటాం, అమ్మండి మహాప్రభో అని అడిగిన ప్రేక్షకులు వీళ్లు. 2022లో క్రంచీరోల్ ఇక్కడి ధర నెలకి 79 రూపాయలకి తగ్గించింది. ఆ తర్వాత సోలో లెవెలింగ్ తెలుగులో కూడా వినిపించింది. "బిర్యానీకి మూడొందలు పెడతారు, దీనికి 79 పెట్టలేరా?" అని మావాడొకడు అడుగుతుంటాడు. సరే, పెడదాం. పెట్టినందుకు మన చేతికి ఏమొస్తోందో కూడా చూడాలిగా.

ఫ్యూనిమేషన్ అనే అమెరికన్ కంపెనీ తన డిస్కులతో పాటు డిజిటల్ కాపీకి కోడ్ ఇచ్చేది. ఆ కంపెనీ సోనీ చేతుల్లోనే క్రంచీరోల్‌లో కలిసిపోయింది. 2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ యాప్ మూసేశారు. కోడ్ వేసి సంపాదించుకున్న కాపీలు కొత్తచోటికి రాలేదు. డిస్కులు దాచుకున్నవాళ్లకి డిస్కులు మిగిలాయి. డబ్బు కట్టి, నియమాలన్నీ పాటించినవాళ్లకే ఈ దెబ్బ తగిలింది. పైరేట్ చేసినవాడి హార్డ్ డిస్క్‌లో ఫైలు భద్రంగా ఉంది. నాకు కోపం తెప్పించేది ఇదే. తెల్ల పెట్టెలాంటిది ఒకటి మనకీ ఉందనుకుంటాం. ఉన్నది లోపలికి వెళ్లనిచ్చే టికెట్ మాత్రమే, దానికీ గడువుంది.

మరి తెల్ల పెట్టె అందుకునేవాళ్ల సంగతి? షిరోబాకోలో ఐదుగురిలో ఒకమ్మాయి యాసుహారా ఎమా, యానిమేటర్. తొందరగా గీస్తే బాగుండదు, బాగా గీస్తే తొందరగా అవదు. ఈ పనితో బతకగలనా అన్న భయం ఆమె భుజాల్లో కనిపిస్తుంది. ఆ భయం కల్పన కాదు. జపాన్ యానిమేటర్ల సంఘం 2015లో ప్రకటించిన సర్వేలో, ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికలు గీసేవాళ్ల సగటు ఏడాది ఆదాయం సుమారు 11 లక్షల యెన్‌లు, అంటే నెలకి లక్షలోపే. జపాన్‌లో అది బతకడానికి చాలదు. వాళ్లకి సాధారణంగా కాగితానికింతని ఇస్తారు. సిరీస్ ఎంత ఆడినా ఆ లెక్క మారదు. ఎందుకంటే చాలా అనిమేలకి పెట్టుబడి పెట్టేది, హక్కులుండేది 'ప్రొడక్షన్ కమిటీ'కి. టీవీ చానెల్, ప్రచురణకర్త, మ్యూజిక్ కంపెనీ, బొమ్మల కంపెనీ, ఇలా ఓ గుంపు. అందులో వాటా లేని స్టూడియోకి ముందు మాట్లాడుకున్న సొమ్మే దక్కుతుంది. మన 79లో ఏ భాగమైనా జపాన్ చేరితే ముందు ఆగేది ఆ బల్ల దగ్గరే.

ఆ బల్ల షిరోబాకోలో ఒకసారి కనిపిస్తుంది. 14వ ఎపిసోడ్‌లో పాత్రలకి గొంతులు ఎంచుకునే సమావేశం. ఒకాయనకి పేరున్న గొంతు కావాలి, ఇంకొకాయనకి పాటలు పాడే అమ్మాయి, మరొకాయనకి అందంగా కనిపించే అమ్మాయి. అద్భుతమైన హాస్యం. కానీ వీళ్లంతా ఎవరు, ఈ గదిలో వీళ్ల మాటెందుకు చెల్లుతోందన్న ప్రశ్న మాత్రం నవ్వులో జారిపోతుంది. ఎమా కష్టం కూడా అలాగే తేలిపోతుంది. 12వ ఎపిసోడ్‌లో, అందరూ పాతకాలపువాడని పక్కనపెట్టిన ముసలి యానిమేటర్ సుగిఎ గుర్రాల దండుని గీస్తాడు. చూసి కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. అయితే సిరీస్ ఆ సన్నివేశంతో చెప్పించేది ఏమిటంటే, పనిమీద ప్రేముంటే గట్టెక్కుతావని. తక్కువ కూలిని ఎదిగే వయసు కష్టంలా చూపిస్తుంది. మొటిమల్లా కొన్నాళ్లకి అదే పోతుందన్నట్టు.

2020లో వచ్చిన సినిమా అంత తియ్యగా ఉండదు. ఒక ప్రాజెక్టు మధ్యలో రద్దవుతుంది, స్టూడియో కుదేలవుతుంది. బాధ్యత తనదంటూ ప్రెసిడెంటు తప్పుకుంటాడు, తెలిసిన ముఖాలు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. మియామోరి దాదాపు ఖాళీ అయిన ఆఫీసులోకి నడిచొస్తుంది. సిరీస్‌ని ప్రేమించినవాళ్లకి ఆ మొదలు మింగుడుపడకపోవచ్చు. నాకు మాత్రం మొత్తం షిరోబాకోలో ఎక్కువ నచ్చింది అదే.