బిగించడం ఎవరి కోసం?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఓ బిల్లు. వీల్ అలైన్‌మెంట్‌కి ఇచ్చిన మియాటా తిరిగొచ్చింది. బిల్లు అడుగున ఒక ముక్క రాసి ఉంది: ముందు చక్రాలు సరిచేశాం, వెనక బోల్టులు కదలట్లేదు. డబ్బు మాత్రం నాలుగు చక్రాలకీ పడింది. షాపు పేరు అనవసరం. మిషిగన్‌లో ఇన్ని చలికాలాలు చూసిన కారును ఎక్కడికి తీసుకెళ్లినా ఈ మాట వినాల్సి రావచ్చు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు మించిన లోతులో, ఉప్పు గని ఉంది. మంచు పడిందంటే ఇక్కడి రోడ్లన్నీ ఉప్పే. ఆ ఉప్పునీళ్లు కారు అడుగున ఏ సందు దొరికితే అందులో దూరి కూర్చుంటాయి.

ఈ కారు పాత పాఠకులకు తెలిసిందే. 2004 మాజ్దాస్పీడ్ మియాటా. 1.8 లీటర్ల టర్బో ఇంజను, 178 హార్స్‌పవర్, రెండే సీట్లు, తోసేది వెనక చక్రాలు. ఈ టర్బో రకం 2004, 2005 మోడళ్లలో మాత్రమే వచ్చింది. ఇలాంటి కారులో వెనక చక్రం కోణం కొంచెం తేడాగా ఉన్నా మలుపులో నడుముకి తెలిసిపోతుంది. ఆ కోణాన్ని నిర్ణయించేవి ఒక్కో పక్క రెండేసి ఎక్సెంట్రిక్ బోల్టులు. లోయర్ ఆర్మ్‌ను సబ్‌ఫ్రేముకు పట్టి ఉంచేవి అవే. బోల్టుతో పాటు తిరిగే క్యామ్ వల్ల ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. క్యాంబర్, టో రెండూ వాటి చేతిలోనే ఉన్నాయి. అవి కదలకపోతే ఎంత ఖరీదైన అలైన్‌మెంట్ యంత్రమైనా తప్పు ఎంతుందో చూపిస్తుందే తప్ప దిద్దలేదు.

అందుకని పని ఇంటికే తెచ్చుకున్నాను. సస్పెన్షన్ ఆర్మ్ బోల్టు చుట్టూ తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆర్మ్ చివర బుష్షులో ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు ఉంటాయి. నట్టు బిగిస్తే ఆ గొట్టం రెండు చివర్లూ బ్రాకెట్ చెవుల మధ్య నొక్కుకుపోతాయి. ఆ తర్వాత గొట్టం కదలదు, బోల్టు కదలదు, మెలి తిరిగేది రబ్బరొక్కటే. అంటే బోల్టు చేసేది నొక్కి పట్టుకునే పని. తుప్పు పుట్టేది బోల్టుకీ గొట్టానికీ మధ్యనున్న సన్నని సందులో. అక్కడ రెండూ ఒకటైపోయాక నట్టు సులువుగానే వస్తుంది. బోల్టు తిప్పితే మాత్రం గొట్టం కూడా తిరుగుతుంది, రబ్బరు మెలిపడుతుంది, పానా వదలగానే ఎక్కడిది అక్కడికి వచ్చేస్తుంది. నూనె పోసి నానబెట్టాను. మంట పెడితే రబ్బరు కాలుతుంది. చివరికి బుష్షుకీ బ్రాకెట్‌కీ మధ్య రంపపు బ్లేడు దూర్చి రెండు వైపులా కోయడమే మిగిలింది. కోతలో బుష్షు కూడా పోతుంది. అందుకే ఈ పనికి దిగేవాళ్లు కొత్త బోల్టులతో పాటు క్యామ్‌లూ నట్లూ బుష్షులూ ముందే తెప్పించుకోవాలి. కోసే ముందు క్యామ్‌లు ఏ గీత దగ్గర ఉన్నాయో పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. ఇక జాకీ ఎత్తడానికే. కారు కిందికి దూరేముందు స్టాండ్లు వేయాల్సిందే. ఈ కాలమ్‌లో నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే అయిన మాట ఇది.

టార్క్ రెంచి మీద నా పట్టుదల కూడా మీకు తెలుసు. బోల్టు తల మీద 10.9 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు వెయ్యి న్యూటన్లు లాగితే గానీ తెగదనీ, అందులో తొంభై శాతం దగ్గర సాగిపోయి మళ్లీ వెనక్కి రాదనీ అర్థం. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం నట్టు ముఖం కిందా మరల్లోనూ రాపిడికే ఖర్చవుతుంది. బోల్టును సాగదీసి బిగింపునిచ్చేది మిగిలిన పదో వంతే. రాపిడి కొంచెం మారితే ఆ పదో వంతు తారుమారవుతుంది. చేతి అంచనాకి అందే లెక్క కాదిది. కాబట్టి ఎవరి కారు బోల్టులు వాళ్లే, అంకె చూసుకుని బిగించుకోవాలని ఈ వారం మళ్లీ రాద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే ఆటోనగర్ గుర్తొచ్చింది.

మా నాన్నగారికి లారీ ఉండేది. కమాను విరిగిందంటే విజయవాడ ఆటోనగర్‌కి తోలుకెళ్లేవారు. బడి లేకపోతే నేనూ ఎక్కేవాణ్ని. అక్కడ కమాన్లు కట్టే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. కమాను పట్టీలన్నిటినీ పేర్చి, మధ్యలో సన్నని సెంటర్ బోల్టు వేసి, ఇరుసుకి యూ బోల్టులతో బిగించేవాడు. బరువంతా ఆ సెంటర్ బోల్టే మోస్తుందనుకునేవాణ్ని. ‘అది పట్టీల్ని వరసలో ఉంచడానికే అబ్బాయ్. యూ బోల్టు వదులైందా, అది పుటుక్కున తెగుద్ది, ఇరుసు పక్కకి పోద్ది’ అన్నాడాయన. నొక్కి పట్టడమే బోల్టు పని అని నేను మొదట నేర్చుకున్నది ఆ షెడ్డులోనే.

పానాకి పైపు తొడిగి ఒళ్లంతా వేసి లాగేవాడు. ఒకచోట ఆపేసేవాడు. ఇంకొంచెం లాగమని నాన్నగారంటే, మర చస్తుందనేవాడు. లారీ నేల మీద దాని బరువు మీద నిలబడి ఉంటేనే ఆఖరి లాగుడు. ‘లోడేసుకుని ఓ ట్రిప్పు తిరిగి రండి ఓనరుగారూ, కమాన్లు సర్దుకుంటాయి. అప్పుడు మళ్లీ బిగిస్తాను’ అని పంపేవాడు. ఆ రెండోసారి బిగింపుకి డబ్బు తీసుకునేవాడు కాదు. అన్నీ అయ్యాక, నట్లకి బయట మిగిలిన మరల మీద వేలితో గ్రీజు పూసేవాడు. బిగించేశాక గ్రీజెందుకని అడిగాను. ‘విప్పేవాడికిరా. అది నేనైనా కావచ్చు, ఇంకోడైనా కావచ్చు’ అన్నాడు.

నా గ్యారేజీలో కొత్త బోల్టు చేత్తో పట్టుకున్నప్పుడు ఆ మాటకున్న బరువు తెలిసింది. రబ్బరు బుష్షులను కారు గాల్లో ఉండగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, అదే మెలికలో బతికి తొందరగా చిరుగుతుంది. మిగతా ఆర్మ్ బోల్టులకి ఇంట్లోనే ఉపాయం ఉంది. కారు ఎత్తకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి ఉంచుకుని, జాకీతో ఆర్మ్‌ను ఆ కొలతకి లేపి బిగించుకోవచ్చు. ఎక్సెంట్రిక్ బోల్టుల సంగతి వేరు. నేను ఏ అంకెకి బిగించినా అలైన్‌మెంట్ చేసేవాడు వాటిని వదులు చేయాలి, కోణం కుదిరాక తనే బిగించాలి. అంటే నా కారులో ముఖ్యమైన ఈ నాలుగు బోల్టుల ఆఖరి బిగింపు నాది కాదు. ఆ సంగతి నాకు నచ్చింది.

కాబట్టి నా వంతుగా చేయాల్సింది చేశాను. బోల్టు నున్నని ఒంటి మీద, గొట్టంలో దూరే మేర, తుప్పు పట్టనివ్వని గ్రీజు నిండుగా పూశాను. మరలు పొడిగా ఉంచాను. మాన్యువల్‌లో అంకె పొడి మరలకి ఇచ్చిందే. గ్రీజు తగిలితే అదే అంకెకి బోల్టు అతిగా సాగుతుంది. గొట్టం చివర్లూ క్యామ్ ముఖాలూ తుడిచి శుభ్రం చేశాను, పట్టు నిలిచేది వాటి రాపిడి మీదే కాబట్టి. కారు మళ్లీ అదే షాపుకి వెళుతుంది, టార్క్ అంకె రాసిన చీటీతో. ఆ కుర్రాడు పానా వేయగానే బోల్టు తిరగాలి. ఇంతకుముందు దీన్ని విప్పి బిగించిన చెయ్యి ఎవరిదో గానీ, పొడిగా వేసి వదిలేసింది. ఇన్ని రోజుల పనికీ అసలు కారణం అదే.

ఇంట్లో పానా పట్టేవాళ్లందరికీ నేను చెప్పేదొకటే. బోల్టు ఊడకపోవడం పనిలో సగమే. ఎన్నేళ్ల తర్వాతైనా, ముఖమెరుగని మనిషి పానా వేసినా అది విడివడాలి. ఆ మనిషిని తలుచుకుని చేసినప్పుడే పని పూర్తయినట్టు.