మీ పేరు చెప్పండమ్మా

మా అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన మర్నాడు. సాయంత్రం వార్డులో డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన సిస్టర్ ఇంజక్షన్ ట్రేతో మంచం దగ్గర నిలబడి, “మీ పేరు చెప్పండమ్మా” అంది. పొద్దుట్నుంచి అలా అడగడం నాలుగోసారి. “సుబ్బలక్ష్మి, సిస్టర్. చేతికి కట్టిన బ్యాండు మీద ఉంది కదా” అన్నాను విసుగ్గా. “మీరు చెప్పకండి, అమ్మనే చెప్పనివ్వండి” అందామె. అమ్మ మగతలోనే ఇంటిపేరుతో సహా చెప్పింది. సిస్టర్ ఆ పేరును, ఐపీ నంబరును బ్యాండు మీద ఒకసారి, కేస్‌షీట్‌లో ఒకసారి చూసుకుని, అప్పుడు ఇంజక్షన్ ఇచ్చింది.

అదే వరసలో మూడు మంచాల అవతల ఇంకో సుబ్బలక్ష్మి ఉందని రాత్రి భోజనాల వేళ తెలిసింది. ఆవిడ షుగర్ పేషెంటు. తిండికి ముందు ఇన్సులిన్ పడాల్సింది ఆవిడకి. మా అమ్మకి షుగర్ లేదు.

“మీరు సుబ్బలక్ష్మిగారే కదా?” అని అడిగితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. మత్తు దిగని మనిషి, చెవులు వినపడని ముసలాయన, డాక్టరంటే భయపడే పల్లెటూరి మనిషి దేనికైనా “ఆ” అనేస్తారు. అందుకే పేరు మనం అందించకూడదు, రోగి నోటి నుంచే రావాలి. పేరుతోపాటు ఇంకో ఆనవాలు కూడా కలవాలి. బెడ్ నంబరు ఆనవాలు కిందికి రాదు. మంచాలు మారుతుంటాయి. వార్డుకి ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు లక్ష్మిలు ఉండే మన ఆసుపత్రుల్లో ఈ చిన్న ప్రశ్న ప్రాణాలు కాపాడుతుంది.

రోగి పక్కన నిలబడే మనిషికి ఏం కావాలో చరకసంహిత ఏనాడో చెప్పింది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదాలు లెక్కపెట్టి, పరిచారకుడికి నాలుగు గుణాలు ఉండాలంది: ఉపచారం తెలిసుండటం, నేర్పు, అనురాగం, శుభ్రత. అనురాగం అంటే తియ్యగా మాట్లాడటం అనుకుంటాం గానీ, రోగి పక్షాన నిలబడటం అని నేను అర్థం చేసుకుంటాను. ఫ్లారెన్స్ నైటింగేల్ చేసిందీ అదే. 1854లో 38 మంది నర్సులతో స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఆమెను మనం దీపం పట్టుకున్న మూర్తిగానే గుర్తుపెట్టుకున్నాం. కానీ యుద్ధంలో గాయాలకన్నా నివారించగలిగిన రోగాలకే ఎక్కువమంది సైనికులు చచ్చిపోయారని లెక్కలు తీసి, బొమ్మలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది కూడా ఆమే. నోరులేని రోగి తరఫున అంకెలతో మాట్లాడింది.

మందులిచ్చే పనిలో ప్రతి నర్సింగ్ విద్యార్థినీ మొదట నేర్చుకునేవి ఐదు: సరైన రోగి, సరైన మందు, సరైన డోసు, సరైన దారి (నోటితోనా, ఇంజక్షనా), సరైన వేళ. చదవడానికి తేలిక. పాటించడం ఎంత జాగ్రత్తతో కూడిన పనో ఇన్సులిన్ చూస్తే తెలుస్తుంది. మన దేశంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న సీసాల్లోనూ వస్తుంది, 100 యూనిట్లున్న వాటిల్లోనూ వస్తుంది. రెంటికీ సిరంజిలు వేరు. నలభైదానికి ఎర్ర మూత, వందదానికి నారింజ మూత. వంద యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది పది యూనిట్లు కాదు, పాతిక. తెల్లారేసరికి షుగర్ పడిపోయి మనిషి లేవకపోవచ్చు. రాతలోనూ గండం ఉంది. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా ‘యు’ అనే ఇంగ్లీషు అక్షరం ఒక్కటి గీస్తే అది సున్నాలా కనిపించి పది కాస్తా వంద అవుతుంది. అందుకే ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లాంటి మందుల్ని ఒక నర్సు తీస్తే ఇంకో నర్సు విడిగా చూడాలి. పక్కన నిలబడి తల ఊపితే చూసినట్టు కాదు. సీసా, సిరంజి, కేస్‌షీట్ తన చేతిలోకి తీసుకుని తనే మళ్లీ లెక్కకట్టాలి.

ఫోన్లో వచ్చే ఆర్డర్ల సంగతీ అంతే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒక్కలాగే వినిపిస్తాయి. తెలిసిన నర్సు ఆర్డరు రాసుకుని, “వన్ ఫైవ్, పదిహేను మిల్లీగ్రాములు, అంతేనా సార్?” అని తిరిగి చదువుతుంది. రక్తం ఎక్కించేటప్పుడు బ్యాగు నంబరు, గ్రూపు, పేరు ఇద్దరు కలిసి సరిచూస్తారు. ఆ తర్వాత మొదటి పదిహేను నిమిషాలు నర్సు మంచం దగ్గరే కనిపెట్టుకుని ఉంటుంది. గ్రూపు తేడా వస్తే వణుకు, నడుంనొప్పి, ఆయాసం సాధారణంగా మొదట్లోనే కనిపిస్తాయి. అప్పుడు చెయ్యాల్సిన మొదటి పని రక్తం ఆపెయ్యడం, ఆ తర్వాతే డాక్టరుకు ఫోను.

ఇవి చాలావరకు చేతులతో, కళ్లతో చేసే పనులు. తప్పు జరుగుతుంటే నోరు విప్పి చెప్పడం వీటన్నిటికన్నా కష్టం.

2005 మార్చిలో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల ఆవిడ సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి. మత్తిచ్చాక గొంతులోకి గొట్టం దిగలేదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోయింది. చెయ్యి తిరిగిన డాక్టర్లు గొట్టం దింపే ప్రయత్నమే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండిపోయారు. నర్సులకు పరిస్థితి అర్థమైంది. ఒకామె గొంతు దగ్గర కోసి ఊపిరి అందించే సామగ్రి తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పింది. ఇంకొకామె ఐసీయూలో మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కుని వచ్చి చెప్పింది. డాక్టర్లు అనవసరంగా కంగారు పడుతున్నావన్నట్టు చూసేసరికి ఆ మంచం వద్దని చెప్పేసింది. పదమూడు రోజుల తర్వాత ఎలేన్ చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ విమాన పైలట్. ఎవరినీ శిక్షించమని అడగలేదు. కాక్‌పిట్‌లో కో-పైలట్ కెప్టెన్‌ని ఎలా ఆపాలో నేర్పినట్టు ఆసుపత్రుల్లోనూ నేర్పండని ఏళ్ల తరబడి తిరిగాడు.

ఆ గదిలో తెలివికి లోటు లేదు, సామగ్రికి లోటు లేదు. పెద్దవాళ్లను ఆపే మాట లేదు. విమానయానం నుంచి వైద్యంలోకి వచ్చిన పద్ధతి ఆ మాటను మూడు మెట్లుగా నేర్పుతుంది. మొదట “నాకు అనుమానంగా ఉంది సార్.” వినకపోతే “నాకు మనసొప్పడం లేదు సార్.” అప్పటికీ వినకపోతే “ఇది పేషెంటుకు ప్రమాదం, ఆపండి.” పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మన అమ్మాయిలకు మూడో మెట్టు ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే దాన్ని ధైర్యానికి వదిలెయ్యకుండా పాఠంగా చెప్పి, నోటికి వచ్చేదాకా పలికించాలి.

రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరుకు చేసే ఫోను కూడా అలాంటి పాఠమే. “సార్, ఏడో బెడ్ పేషెంటు ఎందుకో నలతగా ఉంది” అంటే “పొద్దున చూద్దాంలే” అని జవాబొస్తుంది. అమెరికా నౌకాదళం సబ్‌మెరైన్లలో వాడిన ఒక పద్ధతి ఇప్పుడు ఆసుపత్రుల్లో చెలామణిలో ఉంది. పరిస్థితి, వెనకటి కథ, నా అంచనా, మీరు చెయ్యాల్సింది, ఈ నాలుగూ వరసగా చెప్పాలి. “సార్, ఏడో బెడ్ వెంకటేశ్వర్లు. రెండు గంటల్లో పల్స్ 90 నుంచి 124కి పెరిగింది, బీపీ 94కి పడింది. రెండు గంటల్లో పల్స్ 90 నుంచి 124కి పెరిగింది, బీపీ 94కి పడింది. లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి.” ఈ మాట విన్నాక మళ్లీ పడుకోగలిగే డాక్టరు ఉండడు.

ఆపరేషన్ థియేటర్లో ఈ గొంతుకు ఒక కాగితం తోడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్టు అది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కోతకు ముందు అందరూ పేరు చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. ఒకసారి గొంతు విప్పిన మనిషి రెండోసారి తేలిగ్గా విప్పుతుంది. చివర్లో గాజుగుడ్డల లెక్క తేలలేదని నర్సు అంటే, ఎంత పెద్ద సర్జనైనా కుట్లు వెయ్యకుండా ఆగాలి.

ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సులు రోగి పక్షాన ఇంకో రకంగా నిలబడ్డారు. 1973లో దాడికి గురై మంచాన పడ్డ తమ తోటి నర్సు అరుణా శానబాగ్‌ని 2015లో ఆమె పోయేదాకా దాదాపు 42 ఏళ్లు సాకారు. మంచాన పడ్డవాళ్లను రెండేసి గంటలకు పక్కకు తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అరుణకు అన్నేళ్లలో ఒక్క పుండూ పడలేదు. ఆమెకు కారుణ్య మరణం కోరుతూ వేసిన కేసులో 2011లో తీర్పు చెబుతూ, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆ ఆసుపత్రి సిబ్బందిదేనని సుప్రీంకోర్టు అంది.

అయితే ఒక్క నర్సు మీద ఎంత బరువు పెట్టొచ్చు? లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్ని పరిశీలించి 2002లో తేల్చింది: నర్సు చూసుకోవాల్సినవాళ్లలో ఒక్క రోగి పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు ముప్ఫై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. మన వార్డుల్లో రాత్రిపూట ఒక్క సిస్టర్ ఎంతమందిని చూస్తోందో మీరే ఒకసారి మంచాలు లెక్కపెట్టి చూడండి. ఖాళీ పోస్టులు నింపకుండా భద్రత గురించి మాట్లాడటం అన్యాయం. తప్పు జరగబోయిందని చెప్పిన నర్సుకు మెమో ఇచ్చే ఆసుపత్రిలో రెండోసారి ఎవరూ చెప్పరు.

ఇవి ప్రభుత్వాలు, యాజమాన్యాలు చెయ్యాల్సినవి. రోగి పక్కన కూర్చునే మనం చెయ్యాల్సినవీ రెండున్నాయి. మందుల ట్రాలీ దగ్గర లెక్క చూసుకుంటున్న సిస్టర్‌ని సెలైన్ అయిపోవచ్చిందనో, దుప్పటి కావాలనో పిలవకండి, ఆ రెండు నిమిషాలు ఆగండి. పదోసారి పేరడిగినా సరే, మీవాళ్లనే చెప్పనివ్వండి.