నచ్చిన రికార్డుల పట్టీ

శాస్త్రీయ సంగీతంలో మీకు నచ్చిన రికార్డులు కొన్ని చెప్పండి, కొత్తగా వినేవాళ్లకు పనికివస్తాయి అని ఒక యువ మిత్రుడు నన్ను అడిగాడు. ఇదేమంత పని అనుకొని ఒక సాయంత్రం కూర్చొని పట్టీ రాశాను. మరిపెడ బంగ్లాలో నలుగురు కూడినచోట దాన్ని చదివి వినిపించాను కూడా. అందరూ తల ఊపారు. ఒక మూలన కూర్చున్న ముసలాయన మాత్రం ఊపలేదు. ఆయన పెళ్లిళ్లకూ జాతరలకూ సన్నాయి ఊది బతికిన మనిషి. "సారూ, గింత పెద్ద పట్టీ రాసినవు గదా, అండ్ల ఊదేటోడు ఒక్కడు లేడేంది?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. పట్టీలో గాత్రం ఉన్నది, వయొలిన్ ఉన్నది, వీణ ఉన్నది. ఊదే వాద్యం ఒక్కటీ లేదు. మరచిపోయానని చెప్పి తప్పించుకోవచ్చు. కాని మరపుకు కూడా ఒక కారణం ఉంటుంది. సభా మందిరంలో కూర్చొని వినేది సంగీతం, పందిట్లో నిలబడి వాయించేది మేళం అన్న విభజన నాకు తెలియకుండానే నాలో పాతుకొని ఉన్నదన్నమాట. ఆ విభజన సంగీతశాస్త్రం చేసినది కాదు, సమాజం చేసినది. అందుచేత, నచ్చిన రికార్డులు చెప్పడం అనే ఈ చిన్న పనిని విమర్శకుడు ఏ దృష్టితో చేయాలో ఆలోచించవలసి వచ్చింది.

దీనిమీద రెండు వాదాలున్నాయి. రుచి ఎవరిది వారిదే, ఒకరు చెప్పేదేమిటి అనేది ఒకటి. శాస్త్రం తెలిసినవాడు చెప్పాలి, తెలియనివాడు వినాలి అనేది రెండోది. ఇవి పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. కాని రెండింటి ఫలితమూ ఒక్కటే: కొత్త శ్రోత గుమ్మం బయటే నిలబడిపోతాడు. మొదటి వాదం అతనికి దారి చూపదు. రెండవది తలుపు వేస్తుంది.

రికార్డు పుట్టుకే ఈ తలుపును కొంత తెరిచింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు మన దేశంలో తొలి రికార్డుల్లోవి. ప్లేట్లు అప్పట్లో జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పుకునేది. ఆ ప్లేట్లకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. ఛోటానాగపూర్ వంటి అడవి ప్రాంతాల్లో చెట్ల కొమ్మలనుంచి ఆదివాసులు సేకరించిన లక్క ఓడలెక్కిపోయి, పాటై తిరిగివచ్చేది. కొమ్మ గీకిన చేతికి ఆ పాట వినే యోగం ఉన్నదా అని ఆనాడు ఎవరూ అడగలేదు.

ఆ ప్లేటు ఒక్కొక్క వైపు మూడు మూడున్నర నిమిషాలు మాత్రమే నడిచేది. గంటసేపు విస్తరించే రాగాన్ని అందులో ఇమడ్చాలి. ఆలాపన కుదించాలి, కల్పనస్వరాలు రెండు ఆవర్తాలతో సరిపెట్టాలి. ఇది నష్టమే. అయితే జమీందారు చావడిలోనో పట్టణపు సభలోనో తప్ప వినబడని సంగీతం కాఫీహోటలు దాకా వచ్చింది. ఇది లాభం. తరువాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం చేసిన మేలు ఏ సంగీత సభా చేయలేదని నా నమ్మకం. నేడు జేబులోని ఫోనులోనే వేల రికార్డులున్నాయి. కరువు తీరింది. ఏది వినాలో తెలియని కొత్త చిక్కు వచ్చిపడింది. కనుకనే పట్టీలకు పని ఉన్నది. కాని పట్టీ అంటే పేర్ల వరస కాదు. ప్రతి పేరు పక్కనా "ఎందుకు" అన్నది ఉండాలి.

నా "ఎందుకు"లు ఇవి.

బెంగుళూరు నాగరత్నమ్మ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే రికార్డులిచ్చింది. గరగర ధ్వని మధ్య ఆమె కంఠం వినడం కష్టమే. అయినా వినమంటాను. ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయించినదీ, తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించినదీ ఈమే. ఆరాధనలో స్త్రీలను పాడనివ్వని రోజుల్లో ఆమె స్త్రీలను కూడగట్టి పాడించింది. దేవదాసీ స్త్రీలు కాపాడుకొచ్చిన సంపదను అనుభవిస్తూ వారిని మరచిన మన మర్యాదకు ఆ గరగర ధ్వని ఒక జవాబు.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌ను ఎందుకంటే, మూడు నిమిషాల ఇరుకును ఆయన ఇరుకుగా వినిపించలేదు. కుదించడం వేరు, సారం తీయడం వేరు. ఈ భేదం తెలియడానికి ఆయన పాత ప్లేటు ఒక్కటి చాలు.

బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలను రెండు కారణాల చేత చెబుతాను. ఒకటి, మాట మాటగా వినబడుతుంది. తెలుగు కృతిని తెలుగు శ్రోతే పోల్చుకోలేని గానాలు ఎన్నో విన్న చెవికి అది గొప్ప ఊరట. రెండు, రామదాసు మాకు పొరుగువాడు. ఖమ్మం దాటితే నేలకొండపల్లి. అయితే ఒక మాట అనకతప్పదు. ఆ కీర్తనలను మా ఊళ్లలో భజన బృందాలు తాళాలు కొట్టి పదిమందీ కలిసి పాడుతారు. అక్కడ దేవుణ్ణి నిలదీసే గొంతు ఉన్నది. రికార్డులో మాధుర్యం పెరిగింది, ఆ నిలదీత తగ్గింది. రెండూ విన్నవాడే రామదాసును పూర్తిగా విన్నవాడు.

వోలేటి వెంకటేశ్వర్లు గారిని రేడియో రికార్డుల్లో వినాలి. ఆయన రాగాన్ని ప్రదర్శించడు, దానితో మాట్లాడతాడు. ఆ గొంతులో హిందుస్తానీ ఛాయ వినబడ్డవారు వెంటనే బడే గులాం అలీఖాన్‌ను కూడా వినాలి. కసూరులో పుట్టిన ఆ మహాగాయకుడు 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూశాడు. గజలూ ఠుమ్రీ పరాయివని తెలంగాణలో ఎవరైనా అంటే నవ్వు వస్తుంది. మరిపెడ పక్కనున్న చిన్నగూడూరులో పుట్టిన దాశరథే గాలిబును తెలుగులోకి తెచ్చాడు.

ఇక ముసలాయన ప్రశ్న. దానికి జవాబుగా షేక్ చినమౌలానా నాదస్వరాన్ని పట్టీలో చేర్చాను. 1924లో నేటి ప్రకాశం జిల్లా కరవదిలో, తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబంలో పుట్టి, తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చింది. ఆ మరుసటి ఏడే ఆయన పోయాడు. మతం పేర గోడలు కట్టేవారికి ఆయన వాద్యమే సమాధానమని రాయబోయాను. అది నిజమే. కాని అంత మాత్రానికే ఆయనను వినమంటే కళాకారునికి అన్యాయం చేసినట్టవుతుంది. ముందు ఆ ఆలాపన వినాలి. నాదం ఎక్కడా అరుపుగా మారదు. పందిరి కోసం పుట్టిన వాద్యం పక్కనున్న మనిషితో గుసగుసలాడగలదని ఆయన వింటే తెలుస్తుంది.

వారం తరువాత ఆ రికార్డును ముసలాయనకు వినిపించాను. మా వైపు సన్నాయికంటే నాదస్వరం పొడవైన వాద్యమని ఆయనకు చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు. కళ్లు మూసుకొని విని, "ఊపిరి యాడ మార్చిండో పట్టుకున్నవా సారూ?" అన్నాడు. పట్టుకోలేదన్నాను. మళ్లీ వెనక్కు పెట్టించి, వేలితో తొడమీద తట్టి ఆ చోటు చూపించాడు. మూడు సార్లకు గాని నాకు వినబడలేదు. ఇన్నేళ్లుగా వింటున్న నాకు తెలియనిది, ఆ గాలిని తన గుండెలోంచి తీసి బతికినవానికి తెలిసింది.

రికార్డు పంచుకోవడమంటే ఇదే. నేను ఇచ్చాననుకున్నాను, పుచ్చుకొని వచ్చాను. పాఠకులు నా పట్టీని ఒప్పుకోనక్కరలేదు. తమ పట్టీ తాము రాయండి. ప్రతి పేరుకూ కారణం చెప్పండి. చివరకు, అందులో ఎవరు లేరో కూడా ఒకసారి లెక్క చూసుకోండి.