వాడ తీర్మానం, ఖజానా తీర్పు: సారా వ్యతిరేక ఉద్యమం మీద మరోసారి

సారా వ్యతిరేక ఉద్యమం మీద చాలానే రాశారు. రాసినవాళ్లలో ఎక్కువమంది తేల్చాలనుకున్నది ఒక్కటే: ఈ ఉద్యమం ఎవరిది? మా వాచకంలో సీతమ్మ కథ చదివే ఆడవాళ్లు కదిలారని అక్షరాస్యతా కార్యక్రమం వాళ్లన్నారు. గాంధేయవాదులు ఇది తమ పాత కల అన్నారు. విప్లవ పార్టీలు తమ పోరాటంలో భాగమన్నాయి. ‘ఈనాడు’ దీనికి పేజీలు కేటాయించి ఇల్లాలి కన్నీటి గాథగా చూపించింది. ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోయారు. ఈ పంపకాన్ని సూసీ తారు, తేజస్విని నిరంజన 1990లలోనే పట్టుకుని ప్రశ్నించారు. అయినా రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. ఆ ఆడవాళ్లు నిర్ణయాలు ఎట్లా చేశారు? ఆ నిర్ణయాల్ని ఎవరు, ఏ లెక్క చూపించి రద్దు చేశారు?

1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పాకెట్లలో పోసి పల్లెపల్లెకూ పంపింది. మంచినీళ్లు రాని వాడకు కూడా సారా పాకెట్ వచ్చింది. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజ్ ఆదాయం 1991-92 నాటికి 812 కోట్లయింది. ఇందులో ఎక్కువ భాగం మాల, మాదిగ, వెనకబడిన కులాల కూలి డబ్బే. రెండు రూపాయల కిలో బియ్యం ఒక చేత్తో ఇచ్చిన సర్కారు, రెండో చేత్తో అంతకంటే ఎక్కువే గుంజుకుంది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించాక, 1992లో ఉద్యమం ఊరూరా అంటుకుంది. ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు, భూమిలేని కూలీలు. వీళ్లు పార్టీ ఆదేశం కోసం చూడలేదు. కూలికి పోయొచ్చి, పొద్దుగూకినాక వాడలోనే కూడారు. సరుకు రానియ్యగూడదనుకున్నారు. మర్నాడు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని వాళ్లే అడ్డం నిలబడ్డారు. నిర్ణయం చేసినవాళ్లే అమలు చేశారు. జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993లో ముందు నెల్లూరులో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అంటే ఏథెన్సు పేరు చెప్పే రాజనీతి శాస్త్రం పుస్తకాలు ఈ వాడల పేరు ఎందుకు చెప్పవు?

ఇక్కడొక జాగ్రత్త అవసరం. జనం ఒకచోట కూడితే చాలు ప్రజాస్వామ్యమే అనుకునేవాళ్లున్నారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ భ్రమనే ఎదుర్కొన్నారు. పల్లె సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయమని మొహమాటం లేకుండా చెప్పారు. 1985లో కారంచేడులో, 1991 ఆగస్టులో చుండూరులో దళితుల మీద పడిందీ కూడిన ఊరే. కాబట్టి సభలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరి నోరు లేచింది అన్నది చూడకుండా ఏ సభనూ మెచ్చుకోలేం. సారా ఉద్యమం రచ్చబండ మీద పుట్టలేదు. రచ్చబండ మీద జాగా లేనివాళ్ల మధ్య పుట్టింది. దాని బలమంతా అక్కడుంది.

మరి ఈ తీర్మానం ఏమయింది? 1995 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో శ్వేతపత్రాలు వచ్చాయి. ఖజానా ఖాళీ అన్నారు. రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో సీసా మద్యం తిరిగొచ్చింది. సారా మీద నిషేధం మాత్రం అట్లాగే ఉంచారు. మద్యనిషేధం సరిగ్గా అమలు కాలేదన్నది నిజమే. దొంగ సరుకు పారింది. కానీ అమలు చేయాల్సిన పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు చేతులెత్తేస్తే, తీర్మానం చేసిన ఆడవాళ్లకెందుకు శిక్ష? లోటు పూడ్చాలంటే వంద దారులుంటాయి. కూలోడి నోటికాడి కూడు మీద, కూలోడి తాగుడు మీదే చెయ్యి పడటం వట్టి కూడికల లెక్క కాదు, కులం లెక్క.

అదే 1997 జనవరిలో ‘జన్మభూమి’ మొదలైంది. అధికారులు ఊళ్లకొచ్చి గ్రామసభలు పెట్టారు. శ్రమదానం చేయమన్నారు, పనుల్లో ప్రజల వాటా కట్టమన్నారు. ప్రజల భాగస్వామ్యం అని దానికి పేరు. ఎజెండా హైదరాబాదు నుంచి వచ్చింది. మద్యం తిరిగి తేవాలా వద్దా అని మాత్రం ఏ సభలోనూ ఓటు అడగలేదు. కింద నుంచి లేచిన సభను రద్దు చేసి, పైనుంచి దించిన సభను ప్రజాస్వామ్యం అన్నారు. రోజూ కూలి చేసేవాళ్లను మళ్లీ శ్రమదానం చేయమనడంలోని వెటకారం ఎవరికి తగిలిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత పొదుపు సంఘాలొచ్చాయి. వాటితో మేలు లేదనడం అన్యాయం. వడ్డీ వ్యాపారి పట్టు కొంత సడలింది. కానీ సర్కారును నిలదీసిన ఆడవాళ్లకు, ఇప్పుడు వాయిదా కట్టలేని పక్కింటామెను నిలదీసే పని అప్పజెప్పారు. సభ మిగిలింది, అడిగే హక్కు పోయింది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ మద్యనిషేధం అని వాగ్దానం విన్నాం. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగి తెరిచారు. రెండుసార్లూ వాడను అడిగినవాళ్లు లేరు.

దళిత ఉద్యమం కూడా ఇక్కడ జవాబు చెప్పుకోవాలి. చుండూరు పోరాటం, సారా పోరాటం ఒకే కాలంలో, పెద్ద దూరం లేని జిల్లాల్లో నడిచాయి. అయినా ఒకటి దళిత చరిత్రలోకి, ఇంకొకటి స్త్రీల చరిత్రలోకి పోయాయి. రెండింట్లోనూ నిలబడ్డ మాల మాదిగ ఆడవాళ్లు రెండు పుస్తకాల మధ్య జారిపోయారు. ఆనాడు వాడల్లో కూడిన తల్లుల్లో చాలామందికి ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లుంటాయి. విద్యార్థులు వాళ్ల దగ్గరికి పోవాలి. మీ నాయకురాలెవరని ఇప్పటికే చాలామంది అడిగారు. ఆ రాత్రి ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు కాదన్నారు, ఒప్పుకోనివాళ్లను ఎట్లా ఒప్పించారు, భయపడ్డవాళ్లకు ఎవరు తోడున్నారు అని అడగాలి. ఆ జవాబులు రాసిపెట్టుకోకపోతే రేపు ఇంకో జన్మభూమి వచ్చి, ప్రజాస్వామ్యం అంటే ఏమిటో మనకే పాఠం చెబుతుంది.