నేలపట్టులో గూడబాతుల ఫొటోలు

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో, నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్లు గూడబాతులకు పురిటిల్లు. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైన ఈ చెరువు ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతుంది. అక్టోబరు నుంచి పక్షుల రాక మొదలవుతుంది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కూడా అవే చెట్లను పంచుకుంటాయి.

ఇక్కడ ఫొటో తీయడానికి ముందు చేయాల్సిన పని, కెమెరాను సంచిలోనే ఉంచి ఒక గూటిని అరగంట చూడటం. తల్లి చేపలు పట్టి తిరిగొచ్చి కొమ్మ మీద వాలగానే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ గోల చేస్తుంది. తల్లి ముక్కు తెరవగానే దాని గొంతుసంచిలోకి మెడదాకా తల దూర్చి, సగం అరిగిన చేపల్ని తింటుంది. ఆ గోలను గుర్తుపట్టినవారి వేలు సరైన క్షణానికి మీట మీద ఉంటుంది. పై ముక్కు అంచున వరసగా ఉండే నీలిమచ్చలు స్పష్టంగా పడితేనే అది గూడబాతుకు న్యాయం చేసిన ఫొటో.

తర్వాత చూడాల్సింది గాలి. పెద్ద పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. శీతాకాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, పొద్దుటి ఎండ తూర్పు నుంచి పడుతుంది. రెండింటినీ వీపుకు పెట్టుకుని నిలబడితే, వాలే పక్షి ముఖం వెలుగులో ఎదురుగా వస్తుంది. గూడబాతు రెక్కలు నిదానంగా ఆడిస్తుంది కాబట్టి సెకనులో వెయ్యోవంతు షట్టర్ వేగం చాలు. ముదురాకుపచ్చ కొమ్మల మీది తెల్ల కంకణంతోనే అసలు చిక్కు. కెమెరా చీకటి ఆకుల్ని లెక్కలోకి తీసుకుని వెలుతురు పెంచేస్తుంది, ఈకల గీతలు తెల్లగా మాసిపోతాయి. అందుకే ఎక్స్‌పోజర్‌ను కాస్త తగ్గించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది దూరం. బొచ్చు కూడా లేని పసిపిల్లల్ని తల్లి తన ఒంటినీడలో కాపాడుతుంది. మనిషి దగ్గరికి వెళ్తే తల్లి ఎగిరిపోతుంది. ఆ కాసేపట్లోనే ఎండ పిల్లల్ని మాడుస్తుంది, కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. గూటి లోపలి ఫొటో కోసం కట్ట దిగి చెట్ల దాకా వెళ్లడం ఎంత గొప్ప చిత్రానికైనా తగని మూల్యం. అరణ్యశాఖ కట్టిన వీక్షణ గోపురం, 500 మిల్లీమీటర్ల లెన్సు, ఓపిక ఉంటే చాలు.

చూసింది రాసిపెట్టడమూ ఇందులో భాగమే. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు అనే ఊళ్లో గూడబాతుల గూళ్లను పరిశీలించి పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ రాసిన వ్యాసం 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ కాలనీ తర్వాత లేకుండా పోయింది. అది ఎలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోందంటే ఆయన రాతల వల్లే. తేదీ, వేళ, గూళ్ల సంఖ్య, పిల్లల వయసు అంచనా ఫొటోతో పాటు ఉంటే అది రికార్డు అవుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. నేలపట్టుకు కెమెరాతో వెళ్లేవారు ఒక నోటుపుస్తకం కూడా తీసుకెళ్లి, తమ లెక్కను ఆ గణనకు అందించాలి.