బాధించి రాబట్టిన వాంగ్మూలం: ‘గ్వాంటనామో డైరీ’పై ఒక పరిశీలన

మౌరిటానియా దేశస్థుడైన ముహమ్మదూ వలద్ సలాహీ రచించిన ‘గ్వాంటనామో డైరీ’ 2015 జనవరిలో వెలువడేనాటికి గ్రంథకర్త ఇంకా ఖైదులోనే ఉన్నారు. 2005లో ఆయన స్వహస్తంతో వ్రాసిన 466 పుటల ఆంగ్ల ప్రతిని బయటికి తేవడానికి న్యాయవాదులు ఆరేళ్లకు పైగా పోరాడవలసి వచ్చింది. అచ్చయిన గ్రంథంలో అమెరికా ప్రభుత్వం నలుపు పూసి చెరిపిన చోట్లు 2,500కు మించి ఉన్నాయి. దీనిని ఒక ఖైదీ కష్టగాథగా చదివి కన్నీరు పెట్టినవారు అనేకులు. గ్రంథం లేవనెత్తే ప్రశ్న అంతటితో తీరేది కాదు. బాధించి రాబట్టిన మాటకు సాక్ష్యంగా విలువ ఉన్నదా? బాధింపబడినవాడు నిర్దోషి అయినప్పుడే ఆ బాధ అధర్మమవుతుందా?

సలాహీ తన గతాన్ని దాచలేదు. 1970లో జన్మించి, చిన్ననాటనే ఖుర్ఆన్ కంఠస్థం చేసి, విద్యార్థి వేతనంపై 1988లో జర్మనీ వెళ్లి ఇంజనీరింగు చదివారు. 1991లో, కాబూలులోని కమ్యూనిస్టు ప్రభుత్వంపై పోరు సాగుతున్న రోజులలో, ఆఫ్ఘనిస్తాన్ వెళ్లి అల్ ఖాయిదాకు బైఅత్ చేశారు. 1992 తరువాత ఆ సంబంధం లేదన్నది ఆయన వాదం. 2001 నవంబరులో స్వదేశపు పోలీసులు పిలువగా తానే వెళ్లి హాజరయ్యారు. అక్కడినుండి జోర్డానుకు, బగ్రామ్‌కు, 2002 ఆగస్టులో గ్వాంటనామోకు తరలించబడ్డారు. 2016 అక్టోబరులో విడుదలయ్యే వరకు ఆయనపై అమెరికా నేరారోపణ చేయనే లేదు.

2003 వేసవిలో ఆయన కొరకు ఒక ప్రత్యేక విచారణ పథకం తయారైంది. రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ దానిని ఆమోదించారు. నిద్ర లేకుండా చేయడం, గడ్డకట్టించే చలిగదిలో ఉంచడం, నమాజును నిషేధించడం, పడవలో సముద్రం మీదికి తీసుకుపోయి కొట్టడం, ఇవన్నీ గ్రంథంలో వర్ణించబడ్డాయి. తల్లిని నిర్బంధించామని, ఆమెను కూడా ఇక్కడికే తేవచ్చునని తెలిపే దొంగ లేఖ ఒకటి ఆయనకు చూపారు. అమెరికా సెనేటు సాయుధ దళాల సంఘం 2008 నాటి నివేదిక ఈ లేఖ సంగతిని ధ్రువపరచింది. చివరకు ఆయన అడిగినదానికల్లా ఔనన్నారు. కెనడాలోని టొరంటో నగరపు సీఎన్ టవరును పేల్చివేసే పన్నాగం తనదేనని కూడా ఒప్పుకున్నారు. విచారణాధికారికి ఏది ప్రియమో కనిపెట్టి దానినే అప్పజెప్పడం ఎలా అలవడిందో చెప్పిన ఈ పుటలే గ్రంథానికి ప్రాణం.

ఆ ఒప్పుకోలు ప్రభుత్వానికి దేనికీ పనికిరాలేదు. కేసు నడపవలసిన సైనిక ప్రాసిక్యూటరు స్టూవర్ట్ కౌచ్ 2004లో అందుకు నిరాకరించారు. 2001 సెప్టెంబరు 11న కూలిన విమానాలలో ఒకదాని సహపైలట్ ఆయన మిత్రుడు. పగ తీర్చుకొనే అవకాశం చేతికందినా, మనిషి గౌరవాన్ని కాపాడవలెనన్న తన క్రైస్తవ విశ్వాసమే ఆయనను ఆపింది. 2010లో జడ్జి జేమ్స్ రాబర్ట్‌సన్ కూడా, బలవంతంతో కలుషితమైన ఇటువంటి సాక్ష్యంపై శిక్ష నిలువదని చెప్పి విడుదలకు ఆజ్ఞాపించారు. పై కోర్టు ఆ ఆజ్ఞను రద్దుచేసి పునర్విచారణకు పంపింది.

ఈ సమస్య మన ఫుకహాకు క్రొత్తది కాదు. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కొరకు వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం 798), కొట్టి, బెదిరించి చేయించిన ఇఖ్రార్ చెల్లదన్నారు. ఖైదీల వ్యవహారాలను నిత్యం పరిశీలించి, నేరం నిలువని వారిని విడిచిపెట్టవలెనని కోరారు. భిన్నాభిప్రాయం లేకపోలేదు. దుర్మార్గుడిగా పేరుపడిన నిందితుని కొట్టవచ్చునని ఇబ్న్ ఖయ్యిమ్ అన్నారు. ప్రజాహితం (మస్లహత్) పేరిట నిందితుని కొట్టడమన్న వాదాన్ని ‘అల్ ముస్తస్ఫా’లో చర్చించిన ఇమామ్ గజాలీ (మరణం 1111) దానిని అంగీకరించలేదు. సొమ్ము పోగొట్టుకున్నవానికి ఎంత హితం కావలెనో, నిర్దోషి కావచ్చునన్న నిందితునికీ అంతే హితం కావలెను. దోషిని కొట్టక విడవడం కంటె నిర్దోషిని కొట్టడమే గురుతరమని ఆయన తర్కం. కొట్టే క్షణంలో ఎదుటివాడు ఎవరో కొట్టేవానికి తెలియదన్న సత్యం ఇందులో ఇమిడి ఉంది.

గ్రంథపు బలహీనత సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. సలాహీ హాస్యప్రియత్వం, కావలివారిపై చూపిన ఔదార్యం పాఠకుణ్ణి ఆయన పక్షానికి తిప్పుతాయి. ఇంత మంచివాణ్ణి హింసించారే అన్న జాలి మిగులుతుంది. మంచివాడు కానివాణ్ణి హింసించవచ్చునా అన్న ప్రశ్న దాని చాటున మరుగుపడుతుంది. కౌచ్, గజాలీ ఇరువురూ నిలబడినది ఆ రెండవ ప్రశ్న వద్దనే.

పాఠం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. చెరిపిన భాగాలను నింపి 2017లో మరొక ముద్రణ వచ్చింది. ఆ పూరణ గ్రంథకర్త, సంపాదకుడు లారీ సీమ్స్ కలిసి తిరిగి కూర్చినది. 2005 నాటి వ్రాత కాదు. రివాయత్‌లను తూచే శాస్త్రం నేర్చినవారికి ఈ తేడా చిన్నది కాదు. మొదటి ముద్రణలో స్త్రీలైన విచారణాధికారులను సూచించే ‘ఆమె’ అనే సర్వనామానికి కూడా నలుపు పూశారు. ఆంగ్లంలో ఆ ఒక్క మాట చెరిపితే వ్యక్తి మరుగవుతుంది. తెలుగులో ‘అడిగింది’, ‘అడిగాడు’ అన్న క్రియే రహస్యం బయటపెడుతుంది. తెలుగు చేయబూనినవారు ఆ నల్లగీతలను అలాగే నిలపడానికి మార్గం వెదకాలి. ఆ గీతలూ సాక్ష్యంలో భాగమే.

ఇది దూరదేశపు ముచ్చటగా మిగిలిపోరాదు. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు ముద్దాయిపై రుజువు కాదని 1872 నాటి భారత సాక్ష్య చట్టమే చెప్పింది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన క్రొత్త చట్టమూ ఆ నియమాన్ని నిలిపింది. 1987 నాటి టాడా, 2002 నాటి పోటా దానికి మినహాయింపు కల్పించాయి. 1995లో మొదటిది గడువు ముగిసి, 2004లో రెండవది రద్దయి తొలగిపోయాయి. అటువంటి మినహాయింపును మళ్లీ కోరేవారు ముందుగా ఈ గ్రంథంలోని సీఎన్ టవరు ఘట్టాన్ని చదవాలి.