పేడపురుగు బాట

తొలకరి జల్లులు నాలుగు కురిసి, బీళ్లయందు పచ్చిక మొలచి, మందలు మేతకు మళ్లిన పిదప, వెచ్చని పేడ నేలబడిన కొంతసేపటికే ఎక్కడినుండియో పేడపురుగులు ఎగిరివచ్చి దానిపై వ్రాలుట మన పశుల కాపరులందఱును ఎఱిగిన సంగతియే. ఐనను కెమెరా చేబూని అడవులు తిరుగువారిలో పులిని, పిట్టను వెదకువారే పెక్కుమంది. కాళ్లచెంత సాగుచున్న ఈ మహోద్యమమును కన్ను వంచి చూచువారు మిక్కిలి అరుదు.

పేడపురుగులన్నియు ఉండలు దొర్లించునవి కావు. కొన్ని కుప్పక్రిందనే సొరంగము త్రవ్వి పేడను లోనికి చేరవేయును. కొన్ని కుప్పలోనే కాపురముండును. ఉండ కట్టు జాతి మాత్రము ముంగాళ్లు నేల కాన్చి, తల వంచి, వెనుకకాళ్లతో ఉండను నెట్టుచు వెనుకకు నడచును. తోటి పురుగులు ఉండను అపహరింపకమునుపే కుప్పను విడిచి దూరము పోవలయును గనుక అది పట్టునది తిన్నని దారి. బయలుదేఱునపుడు ఉండపైకెక్కి గిఱ్ఱున తిరుగును. అది ఆకాశమును చదువుకొను క్షణము. పగటివేళ సూర్యుని స్థానమును, ఆకాశకాంతియందలి ధ్రువణమును దానికి దారిగుఱుతులు. ఆఫ్రికాలోని ఒక రాత్రించర జాతి పాలపుంత వెలుగును బట్టియే దారి తప్పక పోవునని మారీ డాకె, మార్కస్ బర్న్ ప్రభృతులు 2013లో ప్రకటించిరి. జోహాన్నెస్‌బర్గు ప్లానెటేరియమున కృత్రిమాకాశము క్రింద పురుగులను నడిపించియు, కొన్నింటి తలలకు చిన్న అట్టటోపీలు తొడిగియు వారు ఈ విషయమును పరీక్షించిరి.

ఇది ఎఱిగిన ఛాయాచిత్రకారుడు పురుగు వెంట పరుగెత్తడు. దాని దిక్కు కనిపెట్టి, కొంత ముందుగా పోయి, దారికి ప్రక్కన బోరగిల పడుకొని వేచియుండును. దారికి సరిగా ఎదుట పడుకొనిన వానికి ఉండయే తప్ప పురుగు కానరాదు. ఏలయన ముఖము ఆవలివైపున, నేలకు చేరువగా ఉండును. కాబట్టి ఉండ మనలను దాటుచుండగా, రవంత వెనుకనుండి చూచినపుడే పారమొన వలె చదునైన తల ముందంచును, ముంగాళ్ల పండ్లును, రొమ్ముక్రింద అంటుకొని సవారి చేయుచున్న సూక్ష్మమైన నల్లులును కంటబడును. ఈ నల్లులలో కొన్ని, పేడకుప్ప చేరిన పిదప దిగిపోయి ఈగల గ్రుడ్లను భక్షించును.

100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో పురుగును నిజప్రమాణమున పట్టినపుడు, ఎఫ్/16 వఱకు ఎపర్చరు మూసినను స్పష్టముగా వచ్చు లోతు సుమారు రెండు మిల్లీమీటర్లే. అంతకంటె మూసినచో చిత్రమంతయు మెత్తబడును. నల్లని నిగనిగల వీపుపై ఫ్లాష్ వెలుగు తెల్లని మచ్చయై నిలుచును గనుక దానికి పలుచని తెల్లగుడ్డ అడ్డుపెట్టుట మేలు.

వీటన్నిటికంటె నాకు ముఖ్యమైనది నీడ. నా తల నీడ పడి సూర్యుడు మరుగైనచో పురుగు తఱచుగా ఆగి, మరల ఉండనెక్కి తిరుగును. చూచువారికి అది సుందరదృశ్యమే; కాని అది మనము పుట్టించిన సంశయమే గాని దాని నిత్యవర్తనము కాదు. అట్లు సంపాదించిన చిత్రము ఎంత మనోహరమైనను నేను దానిని అచ్చునకు పంపను. పురుగును చల్లబఱచి, కదలకుండ చేసి, ఉండపై నిలిపి తీయు చిత్రములను గూర్చి చెప్పవలసినదే లేదు. వానియందు పురుగు రూపమున్నదే కాని పురుగు పని లేదు.

మెత్తని నేల దొరికినచోట పురుగు ఉండతోకూడ భూమిలోనికి దిగిపోవును. దక్షిణ ఫ్రాన్సున ఫాబ్ర్ అను కీటకశాస్త్ర పండితుడు ఏండ్లతరబడి శోధించి, పవిత్ర స్కారబ్ అను పేడపురుగు నేలపై దొర్లించునది తిండి యుండయే ననియు, గ్రుడ్డు కొఱకు తల్లి భూగర్భమున పియరుపండు ఆకృతిలో వేఱొక ముద్దను మలచుననియు లోకమునకు తెలిపెను. మన బీళ్ల పురుగు మలచుకొను అట్టి గదిని చిత్రింపవలెనని నాకును ఆశ కలదు. కాని గది త్రవ్విచూచినచో ఎండ తగిలి లోని పిల్ల మిగులుట కష్టము. పలుగు పట్టుటకు నాకు చేతులు రావు.